మే నెలను తట్టుకునే మూడడుగుల చేపల తొట్టి: ప్రాజెక్టు డైరీ

ఊరు ఒంగోలు. తొట్టి కొలత 36 × 15 × 18 అంగుళాలు, 8 మి.మీ. అద్దం. అంచుదాకా నింపితే 159 లీటర్లు పడుతుంది. ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా 130. కింద వచ్చే డోసు లెక్కలన్నీ ఈ 130 మీదే. అనుకున్నది ఏమిటంటే, ఒకదాని జోలికి ఒకటి పోని చిన్న చేపలు మూడు రకాలు, హీటరూ, నీళ్లు చల్లబరిచే చిల్లరూ లేకుండా ఏడాది పొడవునా బతకాలి. చిల్లర్ కొనగలిగినవాళ్లకు ఈ డైరీతో పెద్దగా పని లేదు.

మన వైపు ఎక్కువమంది ముందు చేపను చూసి ముచ్చటపడతారు, నీళ్ల సంగతి తర్వాత ఆలోచిస్తారు. ఇక్కడ ఆ వరస పనికిరాదు. మేలో హాల్లో నీళ్లు ఎంత వేడెక్కుతాయి, బోరులో ఏముంది, కరెంటు పోతే ఎంతసేపటికి వస్తుంది, ఈ మూడూ తేల్చుకున్నాక మిగిలే చేపల్లోంచే ఎంచుకోవాలి. అందుకే పని డిసెంబర్‌లో మొదలైంది. ఎండలు ముదిరేలోపు ఫిల్టర్ కుదురుకోవాలి.

డిసెంబర్, మొదటి వారం: చోటు, స్టాండు, ఇసుక

పడమటి గోడ వద్దు. సాయంత్రం ఎండ తాగిన గోడ రాత్రి పదింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. కిటికీ పక్కన పెడితే వెలుతురుకు నాచు, వేడి రెండూ. ఇంటి మధ్య గోడకి, ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గు దగ్గర పెట్టాం. వైర్లు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, సాకెట్లోకి పోదు.

బరువు: అద్దం 31 కిలోలు, నీళ్లు 130, ఇసుక 22, పైన పలక 22. ఇనుప స్టాండు కాకుండానే 200 దాటింది. స్టాండు పైపలకగా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కటింగ్ ముక్క తీసుకున్నాం, 18 మి.మీ. మందం. ప్లైవుడ్డు రెండేళ్లకు తడికి ఉబ్బుతుంది, గ్రానైటుకు ఆ బాధ లేదు. రసమట్టం పెట్టి నాలుగు మూలలూ చూసి, కాళ్ల కింద రేకు ముక్కలతో సరిచేశాక, పలకకీ తొట్టికీ మధ్య 10 మి.మీ. థర్మోకోల్ షీటు. ఇది లేకుండా నేరుగా రాయి మీద పెడితే, కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా అడుగు అద్దం అక్కడే చిట్లుతుంది.

తొట్టి అతికించేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: బాత్రూము, సింకుల కోసం అమ్మే ఫంగస్ పట్టని సిలికాన్ వాడొద్దని. అందులోని మందు చేపలకు విషం. వెనిగర్ వాసన వేసే మామూలు సిలికానే మంచిది. వారం ఆరబెట్టాక నీళ్లు నింపి, రెండు రోజులు కింద పేపరు పరిచి చూడాలి. పేపరు తడిస్తే ఎక్కడ కారుతుందో వెంటనే కనపడుతుంది.

ఇసుక పెన్నది. 2 మి.మీ. జల్లెడలో దిగి, దోమతెరలో నిలిచినది మాత్రం ఉంచి, బకెట్లో నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాం. అడుగున 4 సెం.మీ. మందం చాలు. దీనికంటే లోతైతే కింద గాలాడక నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఇప్పుడు ఇళ్లు కట్టేచోట దొరికే రోబో శాండ్ వాడొద్దు. అది క్రషర్లో పగలగొట్టిన రాతిపొడి, అంచులు పదును. అడుగున ముక్కుతో తవ్వుకునే కోరిడోరస్ చేపల మీసాలు దానికి అరిగి పుండ్లు పడతాయి.

ఇసుకకీ రాళ్లకీ ఆమ్ల పరీక్ష తప్పదు. గాజుగ్లాసులో చెంచాడు ఇసుక వేసి, బాత్రూములు కడిగే యాసిడ్ నాలుగు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకోవాలి, ముఖం దగ్గర కాదు. పెన్న ఇసుక నిశ్శబ్దం. సముద్రం వైపు నుంచి తెచ్చిన నమూనా సన్నగా సుర్రుమంది. అందులో గవ్వల పిండి ఉంటుంది, అది కరిగే కొద్దీ హార్డ్‌నెస్ (నీళ్లలోని సున్నం, మెగ్నీషియం), పీహెచ్ పెరుగుతూనే ఉంటాయి. కడప బండ ముక్క మీద యాసిడ్ పడగానే తెల్లగా పొంగింది, అది సున్నపురాయే కాబట్టి. చూడటానికి ఎంత బాగున్నా తొట్టిలోకి వద్దు. మార్కాపురం పలకరాయి ముక్కలు పొంగలేదు. వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి రెండు గుహలు కట్టాం, అంచులు గరుకు కాగితంతో రుద్దాక.

డిసెంబర్, మూడో వారం: నీళ్లు

రొయ్యల సాగు పుణ్యమా అని నెల్లూరు, ఒంగోలు తీరంలో ప్రతి చిన్న సెంటర్లోనూ ఆక్వా ల్యాబ్ ఉంటుంది. లీటరు సీసాలో నీళ్లు పట్టుకెళితే పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ రాసిస్తారు. హైదరాబాదులో అక్వేరియం పెట్టేవాడికి లేని సౌకర్యం ఇది. మన బోరు, లీటరుకు మి.గ్రా.ల్లో: టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 1200, హార్డ్‌నెస్ 460, ఆల్కలినిటీ 380. దగ్గర్లోని ఆర్వో ప్లాంటు క్యాను: టీడీఎస్ 60.

టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్ముకోవద్దు. కరిగినది ఎంతో చెబుతుందిగానీ ఏమిటో చెప్పదు. తీరం దగ్గర బోరులో 1200 అంటే సగం పైగా ఉప్పే కావచ్చు. కనిగిరి వైపు 1200 అంటే సున్నం, మెగ్నీషియం ఎక్కువుండొచ్చు, ఫ్లోరైడు సంగతి సరేసరి. మీటరు అంకె ఒకటే, చేపకు మాత్రం రెండూ వేరు నీళ్లు. హార్డ్‌నెస్ విడిగా చూడాల్సిందే.

కలిపే లెక్క: కావాల్సిన టీడీఎస్ 400. అందులోంచి ఆర్వో 60 తీసేస్తే 340. బోరుకీ ఆర్వోకీ తేడా 1140. 340ని 1140తో భాగిస్తే 0.3. అంటే పది లీటర్లకు మూడు బోరు, ఏడు ఆర్వో. కలిపాక హార్డ్‌నెస్ 150, ఆల్కలినిటీ 128 వచ్చింది. బోరులో ఆల్కలినిటీ ఎక్కువుంది కదా అని పూర్తి ఆర్వోకి పోవద్దు. ఆల్కలినిటీ లేని నీళ్లలో పీహెచ్‌కి పట్టు ఉండదు, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా పని చేసే కొద్దీ ఆమ్లం పుట్టి ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోతుంది.

బోరు నీళ్లు పట్టిన వెంటనే పోయకూడదు. భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండటం వల్ల పట్టినప్పుడు పీహెచ్ 7.3 చూపించింది, రాత్రంతా ఎయిర్ స్టోన్ పెడితే తెల్లారికి 8 అయింది. ఆ మార్పు బకెట్లో జరగాలి, చేపల మధ్య కాదు.

కుళాయి నీళ్లు దొరికేవాళ్లకు పని తేలిక. క్లోరిన్ తీసేస్తే చాలు. ఆక్వా షాపులో సోడియం థయోసల్ఫేట్ గింజలు దొరుకుతాయి. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ఒక వంతు క్లోరిన్‌కి ఏడు వంతులు కావాలి. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ ఉన్న 20 లీటర్ల బకెట్‌కి 14 మి.లీ. వానలు పడి బ్లీచింగ్ దట్టంగా కలిపే రోజుల్లో రెట్టింపు. కొత్తగా కట్టిన సిమెంటు సంపులో నీళ్లు మాత్రం పీహెచ్ చూడకుండా వాడొద్దు, కొన్ని నెలలపాటు 9 పైనే ఉండొచ్చు.

సంక్రాంతి దాటాక: ఫిల్టర్ పండటం

రెండు స్పాంజి ఫిల్టర్లు, ఒక ఎయిర్ పంపు, గంటకు 600 లీటర్ల చిన్న పవర్ ఫిల్టర్. స్పాంజిలు రెండు ఎందుకంటే ఒకటి కడిగిన వారం రెండోది జోలికి పోము. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే పైన ఉండాలి, లేదా ట్యూబులో నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులో వెనక్కి నడిచి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వచ్చేస్తాయి.

ఫిల్టర్ పండటమంటే, చేపల మలినం నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అందులో పెరగడం. చేపలు లేకుండానే ఆ బ్యాక్టీరియాను పెంచాం. ఆహారం అమ్మోనియా. కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం అమ్మోనియం క్లోరైడే, కానీ పచారీ కొట్లోది శుభ్రంగా ఉంటుందన్న భరోసా లేదు, ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట తీసుకున్నాం. 10 గ్రాములు కరిగించి 100 మి.లీ. ద్రావణం చేసి, అందులో 8 మి.లీ. పోస్తే 130 లీటర్లలో అమ్మోనియా లీటరుకు 2 మి.గ్రా. దగ్గరికి వస్తుంది. 4 దాటిస్తే బ్యాక్టీరియాయే దెబ్బతింటుంది.

వరస ఇలా సాగింది. మొదట రీడింగులో ఏ కదలికా లేదు. తర్వాత అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ లేచింది. నైట్రైట్ చాలా రోజులు చార్టు చివరి రంగులోనే నిలబడిపోయింది. ఎక్కువమంది ఓపిక పోయి చేపలు వదిలేది సరిగ్గా ఇక్కడే. ఫిబ్రవరి ఆఖరుకు, రాత్రి పోసిన 2 మి.గ్రా. మర్నాడు రాత్రికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. అప్పుడు సగం నీళ్లు మార్చి నైట్రేట్ దించాం.

ఆక్వా షాపు సరుకు గురించి మూడు మాటలు. చెరువు ప్రోబయాటిక్ ప్యాకెట్లలో ఎక్కువగా ఉండేది బ్యాసిల్లస్, అడుగు మడ్డిని తింటుంది. అమ్మోనియాను నైట్రేటు చేసే బ్యాక్టీరియా వేరే జాతి, కాబట్టి ఆ పొడి చల్లి తొట్టి పండిందనుకోవద్దు. జియోలైట్ మంచినీళ్లలో అమ్మోనియాను నిజంగానే పట్టేస్తుంది, అందుకే పండే దశలో వేయకూడదు, బ్యాక్టీరియాకు తిండి పోతుంది. చేపలున్నప్పుడు అమ్మోనియా లేస్తే అత్యవసరానికి పనికొస్తుంది. అయితే అదే తొట్టిలో తర్వాత ఉప్పు వేస్తే, పట్టినదంతా తిరిగి వదిలేస్తుంది. చెరువుల్లో వాడే క్రిమిసంహారకాలు బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్), కాపర్ సల్ఫేట్ డబ్బాలను మాత్రం తొట్టి ఉన్న గదిలోకే రానివ్వొద్దు.

మార్చి: చేపలు

వద్దనుకున్నవి ముందు. నియాన్ టెట్రా చల్లటి నీళ్ల చేప, 26 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది. టైగర్ బార్బ్ గౌరామి మీసాలు కొరికేస్తుంది. ఏంజెల్ పెద్దదయ్యాక చిన్నవాటిని మింగుతుంది. బాలా షార్క్ అడుగు దాటుతుంది. షాపులో "అన్నా, ఈ సక్కర్ ఎంత పెరుగుద్ది?" అంటే "ట్యాంకుని బట్టి పెరుగుద్ది సార్" అంటారు. ట్యాంకుని బట్టి ఏ చేపా పెరగదు, మురికి నీళ్లలో గిడసబారి చస్తుంది అంతే. ఆ సక్కరే ఆంధ్రా చెరువుల్లో, కాలువల్లో వలలు చింపుతున్న దెయ్యం చేప. అక్వేరియంలో పట్టక కాలువలో వదిలేసినవాళ్ల పుణ్యమే అది.

ఎంచుకున్నవి: హార్లెక్విన్ రాస్బోరా 10, స్టెర్బై కోరిడోరస్ 6, పెరల్ గౌరామి 3 (ఒక మగ, రెండు ఆడ). మామూలు కోరిడోరస్ జాతుల్లో చాలావాటికి మన వేసవి పడదు, స్టెర్బై మాత్రం 28 దాకా హాయిగా ఉండి 30ని ఓర్చుకుంటుంది. పెరల్ గౌరామి పైకి వచ్చి గాలి పీలుస్తుంది, కరెంటు పోయినప్పుడు అలా గాలి పీల్చే అవయవమే దానికి ఇన్వర్టర్. నీళ్లు కలిపే ఓపిక లేక పూర్తి బోరు మీదే నడపాలనుకునేవాళ్లు ఈ జాబితా వదిలేసి మగ గప్పీలు, మోలీలు పెట్టుకోవడమే తెలివి. అవి హార్డ్‌నెస్‌నే ఇష్టపడతాయి. ఆడ గప్పీ ఒక్కటి వచ్చినా నాలుగు నెలల్లో తొట్టి నిండిపోతుంది.

సరుకు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి కవర్లలో వస్తుంది. గంటల తరబడి మూసి ఉన్న కవర్లో అమ్మోనియా పేరుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది కాబట్టి అది అంతగా కుట్టదు. కవరు విప్పగానే ఆ గ్యాసు పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అమ్మోనియాలో వందకి ఒక వంతు కూడా విష రూపంలో ఉండదు, 8 అయితే ఏడు వంతులు దాటుతుంది. అందుకే దూరం నుంచి వచ్చిన కవరుని విప్పకుండా ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేల్చి వేడి సరిపోయాక, విప్పి, వలతో చేపలు మాత్రం తీసి వదలాలి. కవరు నీళ్లు తొట్టిలో పోయొద్దు. గంటసేపు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపే పద్ధతి పక్క వీధి షాపు నుంచి తెచ్చిన చేపకే.

అన్నీ మొదట 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో, మెయిన్ తొట్టిలోని ఒక స్పాంజితో, మూడు వారాల క్వారంటైన్. ముందు రాస్బోరాలు, తర్వాత కోరిడోరస్, గౌరామి చివర. ఒక విడతకీ ఇంకో విడతకీ మధ్య అమ్మోనియా, నైట్రైట్ రెండు సార్లు సున్నా చూపించాలి.

మొక్కలు: జావా ఫెర్న్, అనుబియాస్ పలకరాళ్లకి దారంతో కట్టినవి, వెనక వాలిస్నేరియా. లైటు రోజుకి ఏడు గంటలు. కాలువల్లోంచి తెచ్చిన మొక్కైతే లీటరుకు 10 మి.గ్రా. పొటాషియం పర్మాంగనేటు నీళ్లలో పది నిమిషాలు ముంచి కడగాలి. లేకపోతే జలగలూ తూనీగ పిల్లలూ వస్తాయి. తూనీగ పిల్ల ఇసుక రంగులో కదలకుండా కూర్చుని చిన్న రాస్బోరాను ముందుకు చాచిన దవడతో లాక్కుంటుంది. చేప తగ్గుతున్నా శవం కనపడకపోతే ముందు దీన్ని అనుమానించండి.

మేత: 1 మి.మీ. గుళికలు చిటికెడు, రెండు నిమిషాల్లో అయిపోయేంత, రోజుకి రెండు పూటలు. చీకటి పడ్డాక కోరిడోరస్‌కి మునిగే బిళ్ల ఒకటి. వారానికొక రోజు ఉపవాసం. వనామీ రొయ్యల మేత చవగ్గా దొరుకుతుందని రోజూ వేయొద్దు. అది అడుగున కూర్చుని నీళ్లలో నాని కరిగిపోతుంది, మర్నాటికి అమ్మోనియా.

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాకా

అసలు పరీక్ష. ఏప్రిల్ మూడో వారంలో మధ్యాహ్నం నీళ్లు 31. మే మొదట్లో ఏమీ చేయకపోతే 33. వేడి పెరిగే కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ పట్టదు: 25 దగ్గర లీటరుకు 8.3 మి.గ్రా. కరిగేది, 30 దగ్గర 7.6. అదే సమయంలో చేపకు కావాల్సింది పెరుగుతుంది. తొట్టిలో అన్నిటికంటే గండం తెల్లవారుజాము, మొక్కలు కూడా రాత్రంతా ఆక్సిజన్ తీసుకుంటాయి. రొయ్యల చెరువు మీద ఏరేటర్లు ఆ టైములో ఎందుకు ఆగకూడదో తెలిసిన జిల్లాకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఐదింటికి లేచి ఒకసారి చూడాలి. రాస్బోరాలు నీటి పైపొరకు మూతులు ఆనించి ఉంటే గాలి చాలట్లేదు. కోరిడోరస్ అప్పుడప్పుడు బాణంలా పైకెళ్లి గుక్క మింగి దిగడం మామూలే, అదే నిమిషానికి రెండు మూడు సార్లైతే ప్రమాదం.

ఐసు సీసా అందరూ చెప్పే చిట్కా. లెక్క వేసి చూడండి. 130 లీటర్లను ఒక డిగ్రీ దించడానికి 544 కిలోజౌళ్లు తీయాలి. లీటరు సీసా ఐసు కరిగి, 30 దాకా వేడెక్కేలోపు లాగేది సుమారు 480. అంటే సీసాకు డిగ్రీ కూడా రాదు, అదీ గది వేడి తిరిగి ఎక్కించకుండా ఉంటే. రెండు గంటలకు మళ్లీ మొదటికే. ఈ ఊపు చేపకు వేడికంటే చేటు.

పనిచేసింది ఫ్యాన్. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, 120 మి.మీ.వి, నీటి పొర మీదుగా ఏటవాలుగా ఊదేట్టు. అద్దం మూత తీసి దోమతెర ఫ్రేము బిగించాం, రాస్బోరా ఎగురుతుంది. పడమటి గాలి పొడిగా కొట్టిన రోజుల్లో నీళ్లు 29.5 దగ్గరే ఆగాయి. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోసిన రోజుల్లో 31 కంటే దిగలేదు, గాలిలో ఇప్పటికే తేమ ఉంటే నీళ్లు ఆవిరి కావు. కాబట్టి తీరప్రాంతంలో ఫ్యాన్‌కి రెండు డిగ్రీలు, లోపలి మండలాల్లో మూడు నాలుగు ఆశించొచ్చు.

రోజుకి మూడు లీటర్లదాకా ఆవిరైంది. ఆ లోటు ఆర్వో నీళ్లతోనే పూడ్చాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు, సున్నం తొట్టిలోనే మిగులుతాయి. లోటుకి కూడా బోరు పోస్తే నెల తిరిగేసరికి టీడీఎస్ 600 దాటుతుంది. వారం వారం మార్చే 30 లీటర్లు (9 బోరు, 21 ఆర్వో) ముందురోజు రాత్రే ఇంట్లో పట్టి ఉంచాలి. మేడమీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత ఉంటాయి. మేలో మేత సగానికి తగ్గించాం, లైటు ఐదు గంటలకు. రోహిణి కార్తె దాటేసరికి పందొమ్మిది చేపలూ ఉన్నాయి.

నవంబర్: తుపాను గాలి

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు సంగతి తెలిసిందే. ఈ సీజన్‌కి ముందే యూఎస్‌బీ ఎయిర్ పంపు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తొట్టి పక్కనే పెట్టాం. ఒక వాటు లాగే పంపైతే ఒక రోజంతా నడుస్తుంది. దాన్ని స్పాంజి ఫిల్టర్‌కే తగిలించాలి, అప్పుడు చేపలతోపాటు బ్యాక్టీరియా కూడా బతుకుతుంది. పవర్ ఫిల్టర్ మూడు నాలుగు గంటలకు మించి ఆగితే, కరెంటు రాగానే అలాగే ఆన్ చేయొద్దు. లోపల కుళ్లిన నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి పెట్టాలి. కరెంటు లేనంతసేపూ మేత లేదు.

ముసురు పట్టి రెండు రోజుల్లో నీళ్లు 28 నుంచి 23కి పడ్డాయి. మూడో రోజు రెండు రాస్బోరాల తోకల మీద ఉప్పుగింజల్లాంటి చుక్కలు: ఇక్, పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లచుక్కల జబ్బు. మందు ఉప్పే. ఇస్కపల్లి కొఠార్ల రాతి ఉప్పు, అయోడిన్ కలపనిది, లీటరుకు 2 గ్రాముల లెక్కన 260 గ్రాములు. మూడు భాగాలు చేసి, ఒక్కోటి విడిగా కరిగించి, పన్నెండేసి గంటల తేడాతో పోశాం. చుక్కలో ఉన్నప్పుడు పురుగుకి ఉప్పు తగలదు, రాలి పిల్లలు పెట్టి అవి ఈదుతున్నప్పుడే చస్తుంది. చల్లటి నీళ్లలో ఆ చక్రం మెల్లగా తిరుగుతుంది, అందుకే ఆఖరి చుక్క రాలాక ఇంకో వారం ఉప్పు ఉంచాలి. నీళ్లు మార్చిన ప్రతిసారీ, తీసిన లీటర్లకు సరిపడా ఉప్పు మాత్రం తిరిగి కలపాలి, మొత్తం డోసు కాదు. ఫ్యాన్లు తీసేసి అద్దం మూత మళ్లీ పెట్టాం. గౌరామి మింగే గాలి నీళ్లంత వెచ్చగా ఉండాలి.

ఉప్పు దించేశాక మగ గౌరామి గొంతు కింద నారింజ రంగు ముదిరింది, వాలిస్నేరియా ఆకుల చాటున నురగ గూడు కడుతోంది. ఆ మూల ఎయిర్ స్టోన్ ఆపి, పవర్ ఫిల్టర్ మూతి అటు తిరక్కుండా చూశాం. పిల్లలు దిగితే మొదటి వారం ఆకుపచ్చ నీళ్లు, తర్వాత ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి). తీరం వెంట హ్యాచరీలున్న చోట దాని గుడ్ల డబ్బాలకు కరువులేదు. లీటరు నీళ్లకి 25 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీలు, గట్టిగా గాలి కొడితే మర్నాటికి పొదుగుతాయి. పొదిగినవాటిని సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయాలి.